ప్రైమరీ టీచర్ కావాలంటే: బెంగళూరులో డీఎల్ఎడ్ రెండేళ్లు ఎలా చదవాలి

డీఎల్ఎడ్‌లో, అంటే ప్రైమరీ టీచర్లకు శిక్షణ ఇచ్చే రెండేళ్ల డిప్లొమాలో, చేరినవాళ్లు ఎక్కువగా థియరీ పరీక్షలకు భయపడతారు. నిజానికి ఆ పరీక్షలు చదివితే పాసయ్యేవే. రెండేళ్ల తర్వాత క్లాసులో నిలబడగలిగే టీచరుకీ నిలబడలేని టీచరుకీ తేడా వచ్చేది పాఠ్య ప్రణాళికలో, పిల్లల పరిశీలన రికార్డులో, బడిలో చేసే ఇంటర్న్‌షిప్‌లో. చాలామంది వీటినే సీనియర్ల పుస్తకం చూసి రాసేసి ముగిస్తారు. బెంగళూరులో చదివే తెలుగు విద్యార్థికి వీటితో పాటు కన్నడం కూడా ఉంది. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు వీటికే ఇచ్చాం.

1. ముందు ఏ కోర్సో తేల్చుకోండి

ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చెప్పాలంటే ఇంటర్ లేదా పీయూసీ తర్వాత రెండేళ్ల డీఎల్ఎడ్ నేరుగా ఉన్న దారి. ఇంటర్‌లో సాధారణంగా 50 శాతం మార్కులుండాలి. రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఎంతో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి.

"డిగ్రీ చేసి బీఎడ్ చేస్తే అన్ని తరగతులకూ పనికొస్తుంది కదా" అని ఇళ్లలో ఇప్పటికీ అంటూనే ఉంటారు. అది పాత మాట. 2018లో ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) బీఎడ్ వాళ్లను ప్రైమరీకి అనుమతించింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ అనుమతి చెల్లదని తీర్పిచ్చింది. చిన్నపిల్లలకు చెప్పడానికి ఇప్పుడు బీఎడ్ అర్హత కాదు. ప్రైమరీయే మీ లక్ష్యమైతే డిగ్రీ ఉన్నా డీఎల్ఎడ్ చేయాలి.

మరో దారి నాలుగేళ్ల ఐటెప్. ఇందులో డిగ్రీ, టీచర్ శిక్షణ కలిసే వస్తాయి. ప్రవేశం ఎన్‌సెట్ అనే జాతీయ పరీక్ష ద్వారా. ఆ పరీక్షను తెలుగులో కూడా రాయొచ్చు. బెంగళూరుకు దగ్గర్లో ఇలాంటి చదువుకు పేరున్న చోటు మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ, అందరూ ఆర్ఐఈ అనేది. నాలుగేళ్లు చదివించే స్తోమత ఇంట్లో ఉంటే ఐటెప్ మంచిదని మా అభిప్రాయం. త్వరగా ఉద్యోగంలో చేరాల్సిన అవసరం ఉంటే డీఎల్ఎడ్ చాలు, దాంట్లో తక్కువతనం ఏమీ లేదు.

2. సీటు, కాగితాలు

కర్ణాటకలో డీఎల్ఎడ్ ప్రవేశాలను పాఠశాల విద్యాశాఖలోని కేంద్రీకృత దాఖలాతి విభాగం చూస్తుంది. జిల్లా స్థాయి ప్రభుత్వ శిక్షణ సంస్థలను డయట్ అంటారు. బెంగళూరు నగర జిల్లా డయట్ రాజాజీనగర్‌లో ఉంది. ప్రైవేటు కాలేజీలో చేరేటట్టయితే ఫీజు కట్టకముందే మూడు విషయాలు చూడండి: ఎన్‌సీటీఈ గుర్తింపు ఉత్తర్వు ఉందా, అందులో ఉన్నది డీఎల్ఎడ్ కోర్సేనా, మీకు చెప్పిన చిరునామాలోనే కాలేజీ నడుస్తోందా. చిరునామా ఎవరూ చూడరు. ఒక ఊళ్లో గుర్తింపు తీసుకుని ఇంకోచోట క్లాసులు నడిపితే, చివరికి సర్టిఫికెట్ పరిశీలనలో ఇబ్బంది పడేది విద్యార్థే.

"రోజూ రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు" అనే కాలేజీ కనబడితే వెనక్కి తిరిగి రండి. డీఎల్ఎడ్ రోజూ వెళ్లి చదవాల్సిన కోర్సు.

ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చినవాళ్లకు ఇంకో సంగతి. సొంత రాష్ట్రంలో తీసుకున్న కుల ధ్రువపత్రంతో కర్ణాటకలో రిజర్వేషన్ సాధారణంగా వర్తించదు. దరఖాస్తులో ఆ గడి నింపే ముందే కనుక్కోండి, లేకపోతే పరిశీలన రోజున సీటు చేజారుతుంది.

3. హాజరు లెక్క

ఎన్‌సీటీఈ నిబంధనల ప్రకారం ఏడాదికి కనీసం 200 పనిదినాలు, వారానికి 36 గంటలు. తరగతులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు తప్పనిసరి. అంటే తరగతులకు ఏడాదిలో 40 రోజుల దాకా తప్పొచ్చు. స్కూల్లో మాత్రం అంత వెసులుబాటు లేదు. 20 వారాల ఇంటర్న్‌షిప్‌లో, వారానికి ఆరు రోజుల చొప్పున 120 రోజులుంటే, తప్పగలిగేది 12 రోజులే. ఊళ్లో పెళ్లిళ్లు, సంక్రాంతికి ముందూ వెనకా కలిపే సెలవులు ఇందులోంచే పోవాలి. సెలవులన్నీ క్లాసుల రోజుల్లో వాడుకోండి, ఇంటర్న్‌షిప్ జోలికి రానివ్వకండి. పార్ట్‌టైమ్ పని చేస్తున్నవాళ్లు ముందుగా చిక్కుకునేది ఇక్కడే.

4. కన్నడం మొదటి నెల నుంచే

ఇంగ్లిష్ మీడియంలో చేరినా కన్నడం తప్పదు. 2015 చట్టం ప్రకారం కర్ణాటక స్కూళ్లలో కన్నడం మొదటి లేదా రెండో భాషగా నేర్పాలి. ఇంటర్న్‌షిప్‌కు వెళ్లే ప్రభుత్వ బడిలో పిల్లలు మాట్లాడేది, హెచ్‌ఎం మీతో మాట్లాడేది కన్నడంలోనే.

తెలుగువాళ్లకు లిపి సగం వచ్చినట్టే. క, త, శ లాంటి కొన్ని అక్షరాలు, తలకట్టు గీసే తీరు విడిగా సాధన చేస్తే రెండు వారాల్లో చదవడం పట్టుబడుతుంది. ఇబ్బంది అంతా పోలికల్లోనే ఉంటుంది. బోర్డు మీద తప్పు రాయించేవి ఇవీ:

మనం అకారంతో ముగించే సంస్కృత పదాలు చాలావరకు కన్నడంలో ఎకారంతో ముగుస్తాయి. కథ అక్కడ కథె, భాష భాషె, పరీక్ష పరీక్షె, శాల శాలె. తెలుగు విద్యార్థులు ఈ ఎత్వాన్ని వదిలేస్తుంటారు. మూడో తరగతి పిల్ల లేచి "మిస్, తప్పు" అంటుంది.

కర్మ, ధర్మ లాంటి మాటల్లో మనం పొల్లు రకారాన్ని ముందు రాసి కింద ఒత్తు ఇస్తాం. కన్నడంలో ఆ రకారం అక్షరం తర్వాత అర్కావొత్తు అనే ఒక గుర్తుగా వస్తుంది. పాత తెలుగు పుస్తకాల్లోని వలపలగిలక చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. చూడనివాళ్లు అర్కావొత్తును ఒక వారం ప్రత్యేకంగా రాయాలి.

మన పకారం చాలా మాటల్లో అక్కడ హకారం: పాలు హాలు, పులి హులి, పాము హావు, పండు హణ్ణు. ఇది గుర్తుంటే పదాలు వేగంగా పట్టుబడతాయి. ఒకేలా వినబడి అర్థం మారేవీ ఉన్నాయి. ఊట అంటే భోజనం, మాడు అంటే చెయ్యి.

వ్యాకరణం పూర్తయ్యేదాకా ఆగకుండా క్లాసులో పనికొచ్చే వాక్యాలతో మొదలుపెట్టండి. "బోర్డ్ నోడి" (బోర్డు చూడండి), "ఇన్నొందు సల హేళు" (ఇంకోసారి చెప్పు), "నీను హేగె మాడ్దె, హేళు", "అర్థ ఆయ్తా?" అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది మూడోది, ఎలా చేశావో చెప్పు అనే అర్థంలో. లెక్కల మాటలు కూడా ముందే రాసుకోండి: ఒకట్లు బిడి, పదులు హత్తు.

ఒకటి నుంచి ఐదు వరకు కన్నడ, గణితం, పరిసర అధ్యయనం పాఠ్యపుస్తకాలన్నీ ఒక్కసారైనా చదవాలి. కర్ణాటక పాఠ్యపుస్తక సంఘం వాటిని పీడీఎఫ్‌లుగా ఉచితంగా ఇస్తోంది. తెలుగు మాధ్యమం పుస్తకాలు కూడా ఆ సంఘమే వేస్తుంది. ఒకే గణిత పాఠాన్ని రెండు భాషల్లో పక్కపక్కన పెట్టుకుని చదివితే పరిభాష తేలిగ్గా వస్తుంది. అచ్చు పుస్తకాలు కావాలంటే అవెన్యూ రోడ్డు పుస్తకాల షాపులకు వెళ్లండి.

5. థియరీ

శిశు వికాసం, సమాజం–విద్య, భాషా బోధన, గణిత బోధన, పరిసర అధ్యయన బోధన, సమ్మిళిత విద్య, కళలు, ఆరోగ్య–శారీరక విద్య. పేపర్ల పేర్లు కొంచెం మారినా విషయం ఇదే. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన పియాజే, వైగాట్‌స్కీల సిద్ధాంతాలను నిర్వచనాలుగా బట్టీ పట్టకుండా, ప్రతి భావనకూ మీరు చూసిన ఒక పిల్లవాడి పని పక్కన రాసుకోండి. ఆరేళ్ల పిల్ల ముందు ఐదు రాళ్లు దగ్గరగా, ఇంకో ఐదు దూరం దూరంగా పేర్చి ఎక్కడ ఎక్కువున్నాయో అడగండి. ఆమె దూరంగా ఉన్న వరుసను చూపిస్తే పరిరక్షణ భావన, అంటే పేర్చిన తీరు మారినా సంఖ్య మారదన్న అవగాహన, ఇంకా రాలేదన్నమాట. పరీక్షలో ఆ ఉదాహరణే మీ జవాబును పక్కవాళ్ల జవాబు నుంచి వేరు చేస్తుంది, టెట్ అనే టీచర్ అర్హత పరీక్షలో కూడా అదే పనికొస్తుంది.

6. పిల్లల పరిశీలన రికార్డు

ఈ రికార్డులో ఎక్కువ కనబడే తప్పు తీర్పు రాయడం. "ఈ విద్యార్థి మందకొడిగా ఉంటాడు, ఏకాగ్రత లేదు" అని రాస్తే అక్కడ పరిశీలన ఏమీ లేదు. కనబడినదే రాయండి: "10.20 నుంచి 10.30 వరకు బోర్డు నుంచి నాలుగు పదాలు ఎక్కించుకున్నాడు. ప్రతి అక్షరానికీ తలెత్తి చూశాడు. మూడో పదంలో దీర్ఘం వదిలేశాడు. పక్కనున్న పిల్ల చెప్పాక దిద్దుకున్నాడు." ఇది చదివిన ఏ టీచరైనా ఈ పిల్లవాడు పదాన్ని పదంగా చదవడం లేదనీ, అక్షరం అక్షరంగా బొమ్మలా గీస్తున్నాడనీ పట్టేస్తుంది. కళ్లు పరీక్షించాలా అన్న ప్రశ్న కూడా వస్తుంది.

ఒక్కో పిల్లవాణ్ణి కనీసం మూడు వేర్వేరు సమయాల్లో చూడండి: పాఠం జరిగేటప్పుడు, ఆటలో, మధ్యాహ్న భోజనంలో. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో తప్పక రాయండి. బెంగళూరు ప్రభుత్వ బడిలో ఒకే బెంచీ మీద తెలుగు, తమిళం, ఉర్దూ, హిందీ ఇంటిభాషలుగా ఉన్న పిల్లలు కూర్చుంటారు. క్లాసులో నోరు విప్పని పిల్లతో విరామంలో తెలుగులో మాట్లాడి చూడండి. ఒక్కోసారి గడగడా మాట్లాడేస్తుంది. ఆమెకు రానిది బడి భాషేనని తెలిసిపోతుంది. ఇది పనివాళ్ల కుటుంబాలున్న బళ్లలో పదేపదే ఎదురయ్యే సంగతి. తెలుగు వచ్చిన ట్రైనీ చేయగలిగిన గొప్ప సాయం ఇదే.

రికార్డులో పిల్లల అసలు పేర్లు రాయకండి. అక్షరాలో అంకెలో పెట్టండి.

చదువు ఎంతవరకు వచ్చిందో చూడాలంటే, ఆ తరగతి పుస్తకంలోంచి 50 మాటల పేరా ఇచ్చి చదివించండి. తప్పిన ప్రతి మాట దగ్గరా మీ కాపీలో చిన్న గీత పెట్టండి. ఐదు కంటే ఎక్కువ గీతలు పడితే ఆ పాఠం తనంతట తాను చదువుకునే స్థాయిది కాదని అనుకోవచ్చు. ఎన్ని తప్పిందనే దానికన్నా ఏం తప్పిందన్నది ముఖ్యం. ఒత్తులా, దీర్ఘాలా, లేక మొదటి అక్షరం చూసి ఊహించి చదువుతోందా? మూడింటికీ సాయం వేరువేరు.

7. పాఠ్య ప్రణాళిక

ఇక్కడ తొందరపడకండి. మూడో తరగతికి "పది విడగొట్టి తీసివేత" పాఠం తీసుకుందాం. 30 మంది పిల్లలు, 40 నిమిషాల పీరియడ్.

లక్ష్యం. "విద్యార్థులు తీసివేతను అర్థం చేసుకుంటారు" అని రాస్తే సాధించారో లేదో తేల్చే వీలు లేదు. ఇలా రాయండి: "రెండంకెల సంఖ్యల తీసివేతలో అవసరమైనప్పుడు ఒక పదిని విడగొట్టి, ఇచ్చిన నాలుగు లెక్కల్లో మూడు సరిగా చేస్తారు."

సామగ్రి. ఐదుగురు చొప్పున ఆరు గుంపులు. ఒక్కో గుంపుకు 52 పుల్లలు, అందులో పదేసి కట్టినవి ఐదు కట్టలు, విడిగా రెండు. మొత్తం 312 పుల్లలు, 30 రబ్బరు బ్యాండ్లు. తెగిపోతాయి కాబట్టి పది ఎక్కువ పెట్టుకోండి. చీపురు పుల్లలు విరుగుతాయి, ఐస్‌క్రీమ్ పుల్లలు నయం. కట్టలు ముందురోజే కట్టుకుని, ఒక్కోదాంట్లో పది ఉన్నాయో లేదో మళ్లీ లెక్కపెట్టండి. ఒక కట్టలో తొమ్మిదే ఉంటే ఆ గుంపు పాఠమంతా పోతుంది.

లెక్కలు ఎంచుకోవడం. ట్రైనీల్లో ఎక్కువమంది దీని మీద ఒక్క నిమిషం కూడా పెట్టరు. 52లోంచి 27 తీసేయమంటే 35 అని రాసే పిల్లలుంటారు. ఆ 35 రెండు దారుల్లో వస్తుంది. కొందరు పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తారు: 7లోంచి 2 పోతే 5, 5లోంచి 2 పోతే 3. ఇంకొందరు పది తెచ్చుకుంటారు, 12లోంచి 7 పోతే 5 సరిగానే చేస్తారు, కానీ పదుల్లో ఒకటి తగ్గించడం మరిచిపోతారు. జవాబు ఒకటే, జబ్బులు రెండు. ఈ లెక్క ఇస్తే ఎవరిది ఏ పొరపాటో మీకు తెలియదు.

అదే 52లోంచి 28 ఇవ్వండి. సరైన జవాబు 24. పెద్దదాంట్లోంచి చిన్నది తీసే పిల్లకు 36 వస్తుంది. పది తగ్గించడం మరిచిన పిల్లకు 34 వస్తుంది. నోటుబుక్కు చూడగానే తెలిసిపోతుంది. ఒకట్ల స్థానంలోని రెండు అంకెల తేడా సరిగ్గా 5 అయితే రెండు పొరపాట్లూ కలిసిపోతాయి. ఆ జంటలను వదిలేయండి.

నాలుగు లెక్కలు ఇలా ఉండొచ్చు: 52–28, 71–34, 60–26, 47–23. మూడోది సున్నా కోసం. సున్నాలోంచి 6 తీయలేమని కొందరు అక్కడ 0 వేసి 40 రాస్తారు, కొందరు 6 వేసి 46 రాస్తారు. నాలుగోదాంట్లో పది విడగొట్టనక్కర్లేదు. కొత్తగా నేర్చిన పద్ధతిని అన్నిచోట్లా వాడేసే పిల్లలు దాంట్లో దొరుకుతారు.

సమయం. మొదటి 5 నిమిషాలు నోటి లెక్క: మెజెస్టిక్‌లో 52 మందితో బయలుదేరిన బస్సులోంచి యశవంతపురలో 28 మంది దిగారు, ఎంతమంది మిగిలారు? జవాబు చెప్పేయకండి, ఊహలు బోర్డు మీద రాయండి. తర్వాత 12 నిమిషాలు పుల్లలతో. ఒక కట్ట విప్పితే నాలుగు కట్టలు, 12 విడి పుల్లలు. ఎనిమిది తీస్తే నాలుగు, రెండు కట్టలు తీస్తే రెండు. తర్వాత 8 నిమిషాలు పుల్లలు కదిలించినప్పుడల్లా ఆ అడుగే బోర్డు మీద అంకెల్లో. పది నిమిషాలు నోటుబుక్కులో నాలుగు లెక్కలు. చివరి 5 నిమిషాల్లో ఒకరిద్దరితో "ఎలా చేశావు" అని చెప్పించడం.

ఎక్కడ చెడుతుంది? పిల్లలకు 52 పుల్లలతో పాటు ఇంకో 28 కూడా ఇస్తే రెండు కుప్పలూ కలిపేస్తారు. తీసివేతకు 52 మాత్రమే బల్ల మీద ఉండాలి. పుల్లలు పక్కన పెట్టించి అప్పుడు బోర్డు లెక్క మొదలుపెడితే పిల్లలకు అవి రెండు వేర్వేరు పాఠాలుగా కనిపిస్తాయి. "పెద్దదాంట్లోంచే చిన్నది పోతుంది" అని ఒకటో తరగతిలో చెప్పిన మాటే మూడో తరగతి తప్పుకు మూలం. ఆ వాక్యం ఎప్పుడూ వాడకండి.

8. ఇంటర్న్‌షిప్

మొదటి వారం పాఠం చెప్పడానికి తొందరపడకుండా కూర్చుని చూడండి. టీచరు ఏం చేస్తోందో రాసే ట్రైనీలు చాలామంది. మీరు పిల్లలు ఏం చేస్తున్నారో రాయండి: ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగారు, ఎవరు చెయ్యెత్తారు, వెనక వరుస ఎన్నిసార్లు మాట్లాడింది.

కర్ణాటక ప్రభుత్వ బళ్లలో ఒకటి నుంచి మూడు తరగతులకు నలి–కలి పద్ధతి ఉంది. 1990ల్లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటెలో మొదలై రాష్ట్రమంతా వ్యాపించింది. మూడు తరగతుల పిల్లలూ కలిసి కూర్చుంటారు. ఎవరి మెట్టులో వాళ్లు కార్డులతో పని చేస్తారు. టీచరు సాయం పూర్తిగా కావాల్సిన గుంపు నుంచి తమంతట తాము చేసుకునే గుంపు దాకా ఐదు గుంపులుంటాయి. పైన చెప్పిన 40 నిమిషాల ప్రణాళికను ఇక్కడ మొత్తం క్లాసుకు నడపాలంటే కుదరదు. దాన్ని టీచరు సాయం కావాల్సిన ఒక్క గుంపుకు 15 నిమిషాల పనిగా కుదించాలి. ఆ సమయంలో మిగిలిన నాలుగు గుంపుల చేతిలో ఏ కార్డు ఉంటుందో ప్రణాళికలో రాయాలి. అది రాయకపోతే ఐదో నిమిషానికి గది మీ చేతిలో ఉండదు.

పర్యవేక్షకులు వచ్చే రోజు కోసం కొత్త చార్టులు దాచకండి. పిల్లలు అలవాటులేని సామగ్రితో ఆడుకుంటారే గానీ పాఠం వినరు. ప్రతి పాఠం తర్వాత అదే రోజు సాయంత్రం మూడు వాక్యాలు రాయండి: ఎంతమందికి వచ్చింది, ఎక్కడ ఆగిపోయారు, రేపు ఏం మారుస్తాను. వారం చివర ఒకేసారి రాసిన వ్యాఖ్యలన్నీ ఒకేలా ఉంటాయి, చూసేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. వ్యాఖ్యల కింద క్లాస్ టీచరు సంతకం ఏ రోజుది ఆ రోజే తీసుకోండి. సంతకాల కోసం చివర్లో తిరగడం ఇద్దరికీ ఇబ్బంది.

9. టెట్

రెండో ఏడాదిలో ఉండగానే టెట్ రాయొచ్చు. ప్రైమరీకి పేపర్–1: 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. శిశు వికాసం, మొదటి భాష, రెండో భాష, గణితం, పరిసర అధ్యయనం ఒక్కోదానికి 30. పాస్ మార్కు 60 శాతం, అంటే 90. ఇప్పుడు టెట్ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది.

కర్ణాటక ప్రభుత్వ బళ్లు కావాలంటే కర్ణాటక టెట్, కేంద్రీయ విద్యాలయాలకు సీబీఎస్ఈ నిర్వహించే సీటెట్. సీటెట్‌లో తెలుగును ఒక భాషగా ఎంచుకోవచ్చు. కానీ తెలుగులో వచ్చేది ఆ భాషా విభాగం మాత్రమే. గణితం, పరిసర అధ్యయనం, శిశు వికాసం ప్రశ్నలు ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటాయి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు తెలుగు మీద 30 మార్కులు ధీమాగా పెట్టుకుని, మిగతా పరిభాషను ఇంగ్లిష్‌లో చదవకపోవడంతో 90కి చేరకుండా ఆగిపోతారు. మొదటి ఏడాది నుంచే ప్రతి థియరీ పదానికీ ఇంగ్లిష్ మాట పక్కన రాసుకుంటే ఈ చిక్కు ఉండదు.

ఆంధ్ర లేదా తెలంగాణ డీఎస్సీ రాయాలనుకునేవాళ్లు ఏ టెట్ చెల్లుతుందో ఆ నోటిఫికేషన్‌లో చూసుకోవాలి, స్థానికత కూడా తేల్చుకోవాలి. తెలంగాణలో 95 శాతం పోస్టులు స్థానికులకే. ఒకటి నుంచి ఏడు వరకు చదువుల్లో ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివారన్నదే అక్కడ లెక్క, డీఎల్ఎడ్ ఎక్కడ చేశారన్నది కాదు. బెంగళూరులోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు నాన్‌లోకల్ అవుతారు. కాబట్టి వాళ్లు కర్ణాటక టెట్ మీదా కన్నడం మీదా మొదటి రోజు నుంచే దృష్టి పెట్టడం మేలు. ఊళ్లో చదివి ఇక్కడికి వచ్చినవాళ్లు బడి స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే, బడి రికార్డులు దొరికేటప్పుడే తెచ్చి పెట్టుకోండి.